సర్ట్‌బాట్ రివ్యూ: తను రాసుకునేదెంత, మనం రాసిపెట్టుకోవాల్సిందెంత

వెబ్‌సైట్ హెచ్‌టీటీపీఎస్‌తో నడవడానికి కావాల్సిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్. అక్కడినుంచి వాటిని తెచ్చిపెట్టే ప్రోగ్రామ్ సర్ట్‌బాట్, ఆ పనిలో దానికి పెద్దగా వంక పెట్టలేం. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేస్తే రోజుకు రెండుసార్లు నడిచే టైమర్ కూడా వస్తుంది. 90 రోజుల సర్టిఫికెట్‌ను గడువు ఇంకా 30 రోజులుండగానే రెన్యూ చేస్తుంది. చిక్కల్లా రికార్డు దగ్గరే: ఏ సర్టిఫికెట్ ఎక్కడుందో, గడువెప్పుడో మనమే ఒక రిజిస్టర్‌లో రాసిపెట్టుకోవాలి. గడువు ముంచుకొస్తోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్లు 2025 జూన్‌లో ఆగిపోయాయి. ఇప్పుడు టైమర్ మూలనపడితే అక్కడినుంచి హెచ్చరించేవాళ్లు లేరు.

తన వంతు లెక్క మాత్రం సర్ట్‌బాట్ బాగానే ఉంచుతుంది. ఈటీసీ కింద లెట్స్‌ఎన్‌క్రిప్ట్ డైరెక్టరీలోని 'రెన్యూవల్'లో ఒక్కో సర్టిఫికెట్‌కు ఒక్కో కాన్ఫ్ (సెట్టింగుల) ఫైల్ ఉంటుంది. డొమైన్ మనదేనని ఏ పద్ధతిలో నిరూపించాం, వెబ్‌రూట్ (సైట్ ఫైళ్లుండే ఫోల్డర్) ఎక్కడ, రెన్యూ అయ్యాక ఏ కమాండ్ నడవాలి అన్నవి అందులో దొరుకుతాయి. ఎవరో పెట్టి వెళ్లిన సర్వర్ చేతికొస్తే టీమ్ వికీ కన్నా ముందు తెరవాల్సింది ఇదే.

అందులో దొరకనిది, ఆ సర్టిఫికెట్ ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లిందన్న సంగతి. ఎవరో ఒకరు దాన్ని లోడ్ బ్యాలెన్సర్‌కో (రద్దీని సర్వర్లకు పంచేది) మెయిల్ సర్వర్‌కో చేత్తో కాపీ చేసి ఉంటారు. వెబ్‌సైట్ సజావుగా రెన్యూ అవుతుంటుంది, కాపీ మాత్రం 90వ రోజున చస్తుంది. మీ రిజిస్టర్‌లో మొదటి కాలమ్ దీనికే కేటాయించండి. డొమైన్ మనదేనని డీఎన్‌ఎస్ రికార్డుతో నిరూపించే పద్ధతి వాడుతుంటే (సబ్‌డొమైన్‌లన్నిటికీ పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్‌కు వేరే దారి లేదు) ఆ రికార్డు రాయడానికి వాడే ఏపీఐ టోకెన్ ఎవరి అకౌంట్‌లోది, దాని గడువెప్పుడు అన్నవీ రాయాలి. మ్యాన్యువల్ మోడ్‌లో తెచ్చిన సర్టిఫికెట్ అయితే ఎర్ర సిరాతో రాయండి: ఆథ్ హుక్ (ఆ నిరూపణ పని చేసిపెట్టే స్క్రిప్ట్) లేకపోతే అది తనంతట తాను రెన్యూ కాదు.

80 పోర్టు ఎందుకు తెరిచి ఉందో కూడా ఒక వాక్యం ఉండాలి. లేదంటే ఫైర్‌వాల్ చూసేవాళ్లు భద్రత పేరుతో మూసేస్తారు, సైట్‌లో ఫైల్ ఉంచి డొమైన్ నిరూపించే హెచ్‌టీటీపీ పద్ధతి అక్కడే ఆగుతుంది. తీసేసిన సర్వర్ ఐపీవీ6 అడ్రస్ డీఎన్‌ఎస్‌లో మిగిలినా పేచీయే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు దాన్నే తడుతుంది.

డ్రై-రన్ (ఉత్తుత్తి రెన్యూవల్) మంచి సదుపాయమే, కానీ అది మామూలుగా డిప్లాయ్ హుక్‌ను, అంటే రెన్యూ అయ్యాక నడవాల్సిన కమాండ్‌ను నడపదు. అందుకే డ్రై-రన్ పాసైన సర్వర్‌లోనూ వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ కాక, డిస్క్ మీద కొత్త ఫైల్ ఉన్నా సందర్శకులకు పాత సర్టిఫికెట్టే వెళ్తుంటుంది. గడువును ఫైల్‌లో చూడొద్దు. బయటి మెషీన్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్ కమాండ్‌తో 443 పోర్టుకు కనెక్టై, సర్వర్‌నేమ్ ఇచ్చి, వచ్చిన సీరియల్ నంబరు, ఆఖరి తేదీ రిజిస్టర్‌తో సరిపోల్చండి. అదే పనిలో చైన్ (మన సర్టిఫికెట్‌తోపాటు వెళ్లాల్సిన మధ్యవర్తి సర్టిఫికెట్లు) కూడా చూడండి. ఫుల్‌చైన్.పెమ్ బదులు చైన్ లేని సర్ట్.పెమ్ పెట్టి ఉంటే బ్రౌజర్‌లో తెరుచుకునే సైట్ కర్ల్‌లోనూ మొబైల్ యాప్‌లలోనూ ఎర్రర్ ఇస్తుంది.

సర్టిఫికెట్ పనిచేయట్లేదని పదేపదే కొత్తది అడగొద్దు. ఒకే డొమైన్ పేర్ల జాబితాకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చేది వారానికి 5 సర్టిఫికెట్లే.

డబ్బు కట్టి కొన్నా ఈ చాకిరీ తప్పదు. ఏ సంస్థ ఇచ్చినా పబ్లిక్ సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. రూట్ యాక్సెస్ ఉన్న సర్వర్‌కైతే నిస్సంకోచంగా సర్ట్‌బాట్ పెట్టుకోవచ్చు. షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్లకు వాళ్ల కంట్రోల్ ప్యానెల్ ఇచ్చే ఆటోమేటిక్ ఎస్‌ఎస్‌ఎల్ చాలు.