పదకొండేళ్ల వ్యాగన్‌ఆర్: నేను పానా పట్టిన పనులు, షెడ్డుకిచ్చిన పనులు

మా వ్యాగన్‌ఆర్‌ను 2013లో కొన్నాను. మూడు సిలిండర్ల 998 సీసీ పెట్రోలు ఇంజను, చేత్తో వేసుకునే గేర్లు. ఇల్లు, ఉద్యోగం విజయవాడలో, సొంత ఊరు గుడివాడ దగ్గర కావడంతో పదకొండేళ్లలో 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. బండి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను దాని జోలికి పోను. మరమ్మతు వచ్చిన ప్రతిసారీ నా ముందు నిలిచిన ప్రశ్న ఒకటుంది. ఈ పని నేనే చేసుకోవాలా, మెకానిక్‌కు ఇవ్వాలా? ఇన్నేళ్లలో దానికి దొరికిన జవాబునే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అదన్న వారంటీ ఉన్నంతకాలం నేను బానెట్ కింద చెయ్యి పెట్టలేదు. ఆ తర్వాత ఒక వర్క్‌షాపులో 4,800 రూపాయల బిల్లు చేతికొచ్చింది. అందులో ఇంజన్ ఆయిలు, ఫిల్టరు కలిపి సగం కూడా లేవు. మిగిలినదంతా నేను అడగని శుభ్రతలకూ, పేరు తప్ప పని తెలియని ద్రావకాలకూ వేసిన మొత్తం. ఆ కోపంలోనే సాకెట్ల సెట్టు, రెండు జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసేవి), ఒక టార్క్ రెంచి (నట్టును ఎంత బిగించాలో అంతే బిగించే పానా) కొన్నాను. వీటికైన ఖర్చు 9,400 రూపాయలు. జాక్ స్టాండ్లు లేకుండా ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరేవారిని సెల్లార్లలో ఇప్పటికీ చూస్తుంటాను. జాకీ టైరు మార్చేందుకే గానీ, దాని కింద మనిషి పడుకునేందుకు కాదు.

మొదట చేసిన పని ఆయిలు మార్పు. ఇంజను కాస్త వెచ్చబడ్డాక అడుగున ఆయిలు దిగే డ్రెయిన్ ప్లగ్గు విప్పి, పాత ఆయిలు పట్టి, ఫిల్టరు మార్చి, సుమారు 3 లీటర్ల కొత్త ఆయిలు పోసి, డిప్‌స్టిక్‌తో మట్టం చూసుకోవాలి. వినడానికి ఇంతే. రెండోసారి చేసినప్పుడు, ఎక్కడ కారుతుందోనన్న భయంతో డ్రెయిన్ ప్లగ్గును బలం కొద్దీ బిగించాను. టార్క్ రెంచి పక్కనే ఉంది, కానీ చేతి మీద నమ్మకం ఎక్కువైంది. ఆయిల్ చాంబరులో మర పోయింది, తెల్లారేసరికి నేల మీద చేటంత మరక. దాన్ని లేత్ దగ్గర సరిచేయించడానికి 2,800 రూపాయలు పట్టింది. షెడ్డు మేస్త్రి నవ్వకుండానే, "సార్, ప్లగ్గు ముందు వేళ్లతో చివరిదాకా తిరగాలి, పానా పెట్టేది ఆ తర్వాతే" అన్నారు. అప్పటినుంచి ఏ నట్టునైనా మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పుతున్నాను. పాత ఆయిలును డబ్బాలో పట్టి ఆ షెడ్డుకే ఇస్తున్నాను. అది ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, మురుగు కాలువలో పోయకూడదు.

ఇంతవరకూ పోయింది డబ్బే. అసలు పాఠం బ్రేకుల దగ్గర నేర్చుకున్నాను. 2018లో ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. పాత ప్యాడ్లు తీసి, కొత్తవి పట్టేలా, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కి, అన్నీ సరిగ్గానే బిగించాను. పిస్టన్‌ను అలా వెనక్కి నొక్కినప్పుడు ప్యాడ్‌కూ దానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. బండి కదిలించే ముందే పెడలును పలుమార్లు తొక్కి ఆ ఖాళీని పూడ్చాలి. నేను తొక్కలేదు. సెల్లార్‌లో రివర్స్ వేసి బ్రేకు మీద కాలు పెట్టగానే పెడలు నేలకు ఆనింది, బండి మాత్రం ఆగలేదు. హ్యాండ్‌బ్రేకు లాగేలోపు వెనుక బంపరు స్తంభాన్ని తాకింది. అక్కడ పిల్లలెవరూ ఆడుకోవడం లేదు కాబట్టి ఇంత తీరుబడిగా రాయగలుగుతున్నాను.

పనిని కష్టం, సులువు అని విడదీయడం సరికాదని ఆ రోజే అర్థమైంది. ప్యాడ్లు మార్చడం నిజానికి సులువైన పనే. ఇప్పుడు నేను వేసుకునే ప్రశ్న వేరు. ఇందులో పొరపాటు చేస్తే అది బండి నిలబడి ఉండగానే బయటపడుతుందా, రోడ్డెక్కాక బయటపడుతుందా? ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు, హెచ్4 హెడ్‌లైట్ బల్బు, వైపర్లు, ఆయిలు మొదటి రకం. వీటిలో తప్పు చేస్తే స్టార్టు కాదు, వెలగదు, లేదా కారుతుంది. బ్యాటరీ తీసేటప్పుడు మాత్రం ముందు నెగటివ్ వైరే విప్పాలి. పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను రెండో రకం, అవి మేస్త్రివి.

బ్రేక్ ఆయిలు విషయంలో ఇది మరీ నిజం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ లాంటి చోట్ల దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు చేరి, పెడలు మెత్తబడవచ్చు. ఆ ఆయిలు మార్చి గొట్టాల్లో ఎయిర్ తీయడానికి పెడలు తొక్కేందుకొకరు, చక్రం దగ్గర కనిపెట్టేందుకొకరు కావాలి. రెండేళ్లకోసారి షెడ్డులో చేయిస్తున్నాను. క్లచ్ ప్లేటు 84,000 కిలోమీటర్ల దగ్గర మార్పించాను. గేర్‌బాక్సు దించాల్సిన పని కాబట్టి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

ఇక లాభనష్టాలు. ఆయిలు ఎనిమిదిసార్లు నేనే మార్చుకున్నాను. ఒక్కోసారి దాదాపు 1,500 చొప్పున 12,000 రూపాయలు మిగిలాయి. సామాన్లకు 9,400, చాంబరుకు 2,800 తీసేస్తే 200 రూపాయల నష్టం. బంపరును ఈ లెక్కలో వేయలేదు, మా ఆవిడ వేసింది.

అయినా సాకెట్ల సెట్టు అమ్మేయలేదంటే అందుకు కారణం 2021 వేసవి. ఏసీ చల్లబడటం లేదని వెళితే ఒక షెడ్డులో కంప్రెసరు పోయిందని 18,000 రూపాయలు చెప్పారు. హైవే మీద చల్లగానే ఉండి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతోందని అప్పటికే గమనించి ఉన్నాను. కంప్రెసరే పోతే రెండుచోట్లా వేడిగానే ఉండాలి కదా! ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే ఏసీ వేసినా దాని వేడిని బయటకు తోసే ఫ్యాను తిరగడం లేదు. హైవే మీద ఆ పని ఎదురుగాలే చేసేస్తుంది. ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే స్థానంలో పక్కనున్న అదే రకం రిలే తీసి పెట్టగానే తిరిగింది. ఆటోనగర్‌లో కొత్త రిలే 180 రూపాయలు. బండి కిందికి దూరిన అనుభవం లేకపోతే ఆ 18,000 కట్టి వచ్చేవాణ్ణే. షెడ్డువారు మోసం చేశారని అనను, హైవే సంగతి నేను వాళ్లకు చెప్పనేలేదు.

అందుకే ఇప్పుడు షెడ్డుకు వెళ్లేటప్పుడు శబ్దం ఎప్పుడొస్తుందో, ఎంత వేగంలో వస్తుందో, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఇవన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్తాను. మేస్త్రి దాన్ని చదివి, బండి ఒకసారి నడిపి, ఆ తర్వాతే మాట్లాడతారు. విప్పిన పాత సామాను చూపించమని అడగకుండానే చూపిస్తారు. స్పేరు నేనే కొని తెస్తానంటే మాత్రం ఒప్పుకోరు, డూప్లికేటు పడితే మాట తనకు వస్తుందని ఆయన వాదన. అందులో న్యాయం ఉంది.

ప్రస్తుతం గుంతల్లో ఎడమవైపు ముందు చక్రం దగ్గర టక్‌మని చప్పుడు వస్తోంది. లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకి వేసే రబ్బరు) అని నా అనుమానం. కాగితం రాసి పెట్టాను, సోమవారం షెడ్డుకు తీసుకెళ్తాను. కొత్త వైపర్ల పెట్టె మాత్రం వరండాలోనే ఉంది, అది ఆదివారం పని.