మఖ్నో విగ్రహం దగ్గర మూడు గంటలు

పరాయి ఊళ్లో కారు మాట్లాడుకుంటే ఏయే ఊళ్లు, ఎక్కడ ఎంతసేపు అన్నది కాగితం మీద రాయించుకోండి. 2019 మేలో ఉక్రెయిన్‌లోని జపొరీషియాలో మేం రాయించుకోలేదు. 2,200 హ్రివ్నియాలు, అంటే మన డబ్బుల్లో దాదాపు 5,800, సగం పనికే పోశాం.

మాది నాగర్‌కర్నూల్. మా నానమ్మది మెన్నోనైట్ బ్రదరన్ చర్చి. మెన్నోనైట్లంటే ఆయుధం పట్టకూడదనే ఒక క్రైస్తవ శాఖ. 1889లో తెలుగు నేలకు వచ్చి నల్గొండలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దొర ఈ ఉక్రెయిన్ మెన్నోనైటే. అందుకే అక్కడ మెడిసిన్ చదువుతున్న మా మేనల్లుణ్ని వెంటేసుకుని బయల్దేరాను. పొద్దున హుల్యైపోలే, మధ్యాహ్నం మెన్నోనైట్ల పాత ఊరు ఐఖెన్‌ఫెల్డ్. ఇదీ ఒప్పందం.

హుల్యైపోలే నెస్టర్ మఖ్నో పుట్టిన ఊరు. రష్యా అంతర్యుద్ధంలో రైతు సైన్యాన్ని నడిపిన అరాచకవాది ఆయన. డ్రైవర్‌కి ఆయన 'బాట్కో', అంటే తండ్రి. 2009లో పెట్టిన విగ్రహం దగ్గర మొదలెట్టాడు, ఆపితే ఒట్టు. భూస్వాముల పొలాలు రైతులకు పంచాడట, చివరికి 1934లో పారిస్‌లో పేదగా పోయాడట. మావాడు తర్జుమా చేసీ చేసీ నీరసపడ్డాడు. "ఇంకో పది నిమిషాలంటున్నాడు మామా" అని నాలుగోసారి చెప్పేసరికి వాడి మొహం చూడలేకపోయాను. పొద్దున్నించి తిన్నది ఒక్క బన్ను.

మెన్నోనైట్ల మాటెత్తితే "వాళ్లు జమీందార్లు" అని తేల్చేశాడు. పూర్తిగా అబద్ధం కాదు. రష్యా రాణి కేథరిన్ పిలిస్తే 1789 నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో కొందరు పెద్ద ఎస్టేట్ల యజమానులయ్యారు. చిన్నప్పుడు మఖ్నో వాళ్ల దగ్గర కూలి చేశాడు. ఆయుధం ముట్టుకోం అన్నవాళ్లే 1918లో ఆత్మరక్షణ దళాలు కట్టారు. కానీ 1919లో ఒకే రాత్రి మఖ్నో సైనికులు ఐఖెన్‌ఫెల్డ్‌లో 75 మందికి పైగా చంపారు. ఆ ఆజ్ఞ ఆయనదేనా అన్నది ఇప్పటికీ తెగలేదు.

మూడింటికి డ్రైవర్ కొత్త పాట ఎత్తుకున్నాడు: ఐఖెన్‌ఫెల్డ్ జపొరీషియాకి అవతలి వైపంట, ఇంకో 900 ఇవ్వాలంట. పొద్దున మ్యాప్ చూపించినప్పుడు తలూపింది నువ్వే కదా అన్నాం. వినలేదు. వెనక్కి తిప్పి, మొత్తం డబ్బు తీసుకుని మరీ దింపాడు. ఆ సాయంత్రం ఒక చిన్న క్యాంటీన్‌లో 65 హ్రివ్నియాలకు పన్నీరు కూరిన వరేనికీ తిన్నాకే మావాడు మళ్లీ నోరు విప్పాడు.

మర్నాడు ఇంకో కారులో 800కి వెళ్లొచ్చాం. పొలాల మధ్య 2001లో పెట్టిన రాతి స్మారకం. ఎవరూ లేరు, గాలి తప్ప.

పాత డ్రైవర్ నంబరు మావాడి ఫోన్‌లో ఇంకా ఉంది, 'బాట్కో' అన్న పేరుతో, పొరపాటున ఎత్తకుండా ఉండటానికి.