సోమశిల క్యాబిన్ వరండా: నాలుగేళ్లలో ఐదుసార్లు ఉండి వచ్చాక

ఏటి ఒడ్డున చెక్క క్యాబిన్ అనగానే మంచం ఎట్లుంది, ఏసీ ఉందా, బాత్రూంలో వేడినీళ్లు వస్తాయా అని అడుగుతారు. అన్నీ ఉన్నాయి, ఉండాల్సినట్టే ఉన్నాయి. నేను చెప్పదలుచుకున్నది ఆ క్యాబిన్ ముందున్న వరండా గురించి, దాని ముందర ఉండే నీళ్ల గురించి.

మేముండేది మహబూబ్‌నగర్‌లో. 2021 దసరా సెలవుల్లో మొదటిసారి వెళ్లాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. కొల్లాపూర్ దాటి సోమశిల వైపు దిగుతుంటేనే పిల్లలు సీట్లలోంచి లేచి నిలబడ్డారు. ఏరు నిండుగా ఉంది. వరండా మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే పాదాలు తడుస్తాయి. తెల్లవారుజామున పుట్టిలో కూర్చుని వలలు తీసే బెస్తవాళ్ల మాటలు పక్కింట్లో మాట్లాడుకున్నట్టు వినిపించేవి. వాళ్ల దగ్గరే బొచ్చె కొని, క్యాంపు వాళ్లిచ్చిన కట్టెల పొయ్యి మీద పులుసు పెట్టుకుని, జొన్నరొట్టెలతో ఆ వరండాలోనే తిన్నాం. ఇంటికొచ్చాక కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పాను, గడప దాటితే ఏరేనని.

ఆ మాట అబద్ధం కాదు, కానీ అది అక్టోబరు మాట.

ఇక్కడ కృష్ణ మామూలు ఏరులా పారదు. ఇది శ్రీశైలం ప్రాజెక్టు బ్యాక్‌వాటర్. డ్యాం నిండు మట్టం 885 అడుగులు. మట్టం 875 దాటి ఉన్నప్పుడే నీళ్లు మా వరండా దాకా వచ్చాయి. 860కి దిగితే ఒడ్డు చేరడానికి పది నిమిషాలు నడవాలి. ఇంకా దిగితే ఎదురుగా మిగిలేది ఎండిన ఏటి అడుగు, దూరంగా ఒక నీటిచార. రోజూ పేపర్లో ప్రాజెక్టుల మట్టాలు వేస్తారు. గది బుక్ చేసే ముందు ఆ అంకె చూసుకోండి. క్యాంపు వాళ్లు చూపించే ఫొటోలన్నీ నిండు ఏటివే. ఏ నెలలో ఎంత దూరం నడవాలో ఫోన్లో అడిగితే తప్ప చెప్పరు, కిరాయి మాత్రం అన్ని నెలలకూ ఒకటే. ఈ విషయంలో వాళ్ల మీద నాకింకా కోపం పోలేదు.

మా అమ్మ సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఆమె పుట్టిన ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. శ్రీశైలం డ్యాం నీళ్ల కింద అటు కర్నూలు వైపు, ఇటు పాత పాలమూరు వైపు ఎన్నో ఊళ్లు మునిగాయి. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఆమె మూడు నెలల బాలింత, పుట్టింట్లోనే ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజులూ ఆమె కుర్చీని నీళ్లకు వీపు పెట్టేలా తిప్పుకుని కూర్చుంది. ఎండ పడుతోంది కాబోలు అనుకున్నాను. 2022లోనూ అట్లాగే కూర్చుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

2023లో వానలు వెనకబడ్డాయి, ప్రాజెక్టు నిండలేదు, మేం వెళ్లలేదు. 2024 ఏప్రిల్‌లో, ఉగాది అయిన వారం, మా అక్కాబావలు తోడొస్తామంటే బయలుదేరాం. బావ తన టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకించి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాడు. వాళ్లు అందులో, మేం క్యాబిన్‌లో అనుకున్నాం. వెళ్లి చూస్తే వరండా ముందు ఏరే లేదు. కిలోమీటరుకు పైగా పగుళ్లిచ్చిన నేల. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

సాయంత్రం బావ, వ్యాన్‌ను నీళ్ల అంచు దాకా తీసుకుపోయి అక్కడే పడుకుందామన్నాడు. నేల చూడ్డానికి రోడ్డులానే గట్టిగా ఉంది. అప్పుడు అమ్మ వరండా కొసకొచ్చి నిలబడింది.

"అల్లుడా, ఆ పక్కకు పోనియ్యకు. ఆడ వాగుండె."

"నలభై ఏండ్ల కిందటి వాగు ఇంక యాడుంటది అత్తమ్మా?" అని ఆయన ప్రేమగానే అని బండి ఎక్కాడు.

మూడొందల గజాలు పోయాక వెనక చక్రాలు దిగబడ్డాయి. వరద వచ్చిన ప్రతిసారీ ఏరు ఒండ్రు మోసుకొచ్చి పరుస్తుంది. పాత వాగుల పల్లాల్లో అది మందంగా పేరుకుంటుంది. పైన ఎండి పెళ్లలు కడుతుంది, లోపల నెలల తరబడి బురదే. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ బండి కిందికే పోయింది. చక్రాల కింద రాళ్లు వేశాం, క్యాబిన్‌లో కాళ్లు తుడుచుకునే పట్టాలు తెచ్చి వేశాం, చీకటి పడేదాకా తోశాం. ఇరుసు దాకా మునిగింది. క్యాంపులో ఒక్క తాడు కూడా లేదు, ఉన్న కుర్రాడికి ట్రాక్టర్ ఎవరిదగ్గర దొరుకుతుందో తెలియదు. ఆ రాత్రి ఏడుగురం ఆ ఒక్క క్యాబిన్‌లో, వరండాలో చాపలేసుకుని పడుకున్నాం. దోమతెర బిగించిన వరండా కాబట్టి సరిపోయింది. నల్లమల మీదుగా వచ్చిన గాలికి తెల్లారేదాకా ఎవరికీ మెలకువ రాలేదు.

పొద్దున బెస్తాయన ఒకాయన ఊళ్లోంచి ట్రాక్టర్ పిలిపించాడు. అది కూడా దిగబడుతుందేమోనని డ్రైవర్ గట్టు మీదే ఆపేశాడు. అమ్మ చెప్పులు చేతపట్టుకుని ముందు నడిచింది. "గీడ బండ్ల బాటుండె, కింద మొరం పోసిన్రు" అంటూ ఎడమ పక్కగా వంపు తిరిగి పోయింది. ట్రాక్టర్ ఆమె వెనకాలే వచ్చింది. ఎక్కడా చక్రం దిగలేదు. అరగంటలో వ్యాన్ బయటపడింది.

తర్వాత ఆమె ఆగలేదు. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఆ బాట వెంటే పోయింది. మునిగినచోట ఊరేం మిగల్లేదు. రాళ్ల వరుసలున్నాయి, పూడిపోయిన బావి గట్టు కొంచెం కనిపిస్తోంది. "ఇది మీ తాత కొట్టం. ఇది రచ్చకట్ట. ఆ రాయి మీద నాకు మూడోయేట గాయమైంది" అని చూపిస్తూ పోయింది. నా కూతురు ఆ రాయి మీద కూర్చుని లేవనంది. మధ్యాహ్నం పడవలో అవతలి గట్టుకు, సంగమేశ్వరానికి వెళ్లొచ్చాం. మట్టం 840 అడుగుల కంటే కిందికి పడితే తప్ప ఆ గుడి బయటపడదు. అక్కడున్నది వేపమొద్దు లింగం. అమ్మ చిన్నప్పుడు పుట్టిలో దాటి వచ్చేదట. ఆ సాయంత్రం ఆమె కుర్చీ మొదటిసారి ఏటి వైపు తిరిగింది.

ఆ జూలైలోనే పైనుంచి వరద వచ్చి రెండు మూడు వారాల్లో ప్రాజెక్టు నిండిపోయింది, నెలాఖరుకు శ్రీశైలం గేట్లు ఎత్తారు. 2024, 2025 దసరాలకు మళ్లీ వెళ్లాం. నీళ్లు మెట్ల దగ్గరికొచ్చాయి. పిల్లలకు అదే ఇష్టం. అమ్మ మాత్రం నీళ్లలోకి వేలు చూపించి, బావి ఆడ, రచ్చ ఈడ అని చెబుతూ కూర్చుంటుంది, కుర్చీ తిప్పుకోకుండా.

వ్యాన్ తెచ్చుకునేవాళ్లకు రెండు మాటలు. గట్టు మీద మామిడిచెట్ల కింద ఆపుకోండి, ఏటి అడుగుకు దిగకండి. ప్లగ్ పాయింట్ ఇస్తారు కానీ సాయంత్రం వోల్టేజీ పడిపోయి ఏసీ ఆగిపోతుంది. బండిలో టాయిలెట్ ఉంటే ఆ మురుగు పోయడానికి అక్కడ ఏర్పాటు లేదు, క్యాంపు టాయిలెట్లే వాడుకోవాలి. చిన్న పిల్లలుంటే అక్టోబరులో వరండా మెట్ల దగ్గర పెద్దవాళ్లెవరో ఒకరు ఎప్పుడూ ఉండాల్సిందే, కంచె లేదు, అడుగు వేస్తే లోతు.

మీకు ఈ క్యాబిన్ తీసుకోమని చెప్పాలా అంటే, నిండు ఏరు కావాలనుకునేవాళ్లకు సెప్టెంబరు, అక్టోబరు తప్ప వేరే నెల చెప్పలేను. ఏప్రిల్‌లో రేకుల కప్పు కింద పగలు ఉండలేరు. నీళ్ల కోసమే వచ్చేవాళ్లు ఆ దుమ్ము చూసి బాధపడతారు, వాళ్లను తప్పుపట్టను. మా ఇంట్లో లెక్క వేరు. అమ్మ రోజూ పొద్దున్నే మనవరాలితో పేపర్లో శ్రీశైలం మట్టం చదివించుకుంటోంది. ఏప్రిల్ రెండో వారానికి అదే క్యాబిన్ అడ్వాన్స్ కట్టాను. బావకు కూడా చెప్పాను, ఈసారి ఆయన తాడు తెస్తానన్నాడు.