వాడిన 22-250 రైఫిల్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు బ్యారెల్ ట్విస్ట్ కొలవండి

టెక్సస్‌లో నాలుగెకరాలు కొని మేకలూ కోళ్లూ పెంచుతున్న మనవాళ్లు కయోటీల (నక్కలాంటి అడవి జంతువుల) బెడదకు సెకండ్ హ్యాండ్ రైఫిల్ వెతుకుతుంటే, ఈ బేరం సంగతి తెలుసుకోండి. స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) సహా చవగ్గా దొరికిన రైఫిల్ అది, 22-250 రెమింగ్టన్ అనే రకం తూటా వాడేది. వంద గజాల్లో ఒక్క గుండూ చెప్పిన చోట పడలేదు. కాగితం మీద చిల్లులు గుండ్రంగా లేవు, తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా చీలాయి. అంటే గుండు అడ్డం తిరిగి తగులుతోంది.

తప్పు స్కోప్‌ది కాదు. పాత 22-250 బ్యారెళ్లు ఎక్కువగా 14 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్‌తో వచ్చాయి. ట్విస్ట్ అంటే గుండును గిరగిరా తిప్పే లోపలి గాడుల మెలిక. 55 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వరకు గుండు వాటిలోంచి నిలకడగా పోతుంది. దుకాణం వాళ్లు ‘ఫ్రీ’ అని అంటగట్టినవి ఎవరో చేత్తో నింపిన 75 గ్రెయిన్ల తూటాలు. అంత పొడవైన గుండుకు 8 అంగుళాల ట్విస్ట్ కావాలి. అసలు, ఊరూపేరూ తెలియని మనిషి నింపిన తూటా పేల్చడమే ప్రాణాంతకం.

ట్విస్ట్ కొలవడం తేలిక. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని చూసుకుని బోల్ట్ బయటికి తీయండి. పిడి దానంతటది తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా బట్టముక్క చుట్టి బ్యారెల్లోకి నెట్టండి. రాడ్ మీద టేపు ముక్క జెండాలా అంటించండి. అది పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో అదే ట్విస్ట్. బట్ట జారితే లెక్క తప్పుతుంది, మూడుసార్లు చూడండి.

తర్వాత బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే సన్నని కెమెరా) పెట్టమనండి. చాంబర్ ముందు భాగం ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చి ఉంటే ఆ బేరం వదిలేయండి. సన్నని గొట్టంలో అంత మందు మండే 22-250కి, వేడెక్కిన బ్యారెల్‌తో ఆపకుండా కాల్చిన చేతుల్లో, రెండు మూడు వేల తూటాలకే గొంతు, అంటే ఆ చాంబర్ ముందు భాగం, అరిగిపోతుంది. కొత్త స్టాక్, మెరిసే స్కోప్ చూసి మోసపోయేది ఇక్కడే.

మేకల దొడ్డి కాపలాకు 9 లేదా 8 అంగుళాల ట్విస్ట్ ఉన్న 223 రకం రైఫిల్ చాలు. తూటాలు చవక, రెండొందల గజాల దాకా ఢోకా లేదు. బ్యారెల్ మీద 223 అని మాత్రమే ఉంటే చూడ్డానికి అలాగే ఉండే 5.56 నాటో సైనిక తూటాలు వేయకండి, ప్రెజర్ హద్దు దాటొచ్చు. 17 హెచ్‌ఎమ్‌ఆర్ అనే చిన్న తూటాలో గుండు బరువు సాధారణంగా 17 గ్రెయిన్లే. దూరాన ఉన్న కయోటీ దానికి చావక, గాయంతో పొదల్లోకి పోయి యాతన పడుతుంది. ఏ రైఫిలైనా గురి వెనక మట్టిగట్టు ఉండాల్సిందే.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం ముందే ఆగండి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. దుకాణంలో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అబద్ధం రాయడం మరో నేరం. గ్రీన్ కార్డున్న స్నేహితుడి రైఫిల్ మీ ఇంట్లో దాచిపెట్టినా కేసు మీమీదే.