డొమినియన్ నాక్టర్న్: ఒక్క దీపం కోసం

కార్డులు కొంటూ ఎవరి డెక్ వాళ్లు పెంచుకునే ఆట డొమినియన్, దాని ఎక్స్‌పాన్షన్ పెట్టెల్లో ఒకటి నాక్టర్న్. దీని గురించి మాట్లాడేవాళ్లంతా నైట్ కార్డుల దగ్గరే ఆగిపోతారు. నల్లగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. యాక్షన్ ఖర్చు లేకుండా, కొనుగోళ్లన్నీ అయ్యాక తీరిగ్గా ఆడుకోవచ్చు. నిజమే. కానీ ఇన్నాళ్లు ఆడాక కూడా నేను ఈ పెట్టె మూత తీసేది హెయిర్‌లూమ్‌ల కోసమే, అందులోనూ మ్యాజిక్ ల్యాంప్ కోసం.

డొమినియన్‌లో ఆట మొదలయ్యే తీరు మీద నాకెప్పుడూ విసుగే. ఒక్కో నాణెమిచ్చే 7 కాపర్లు, పాయింట్లకు తప్ప పనికిరాని 3 ఎస్టేట్లు. మొదటి రెండు చేతుల్లో కాపర్లు నాలుగు-మూడు పడిందా, అయిదు-రెండు పడిందా, అంతకు మించి ఏమీ ఉండదు. నాక్టర్న్‌లో కొన్ని కింగ్‌డమ్ కార్డులు (ఆ ఆటలో కొనడానికి పరిచేవి) వస్తే మన కాపర్లలో ఒకదాన్ని తీసేసి దాని చోట ఒక హెయిర్‌లూమ్ పెట్టుకోవాలి. మారేది ఒక్క కార్డే, అదీ అందరికీ ఒకటే. అయినా ఆట రంగే మారిపోతుంది. పూకా ఉందనుకోండి, దాని వెంట కర్స్‌డ్ గోల్డ్ వస్తుంది. ఆడితే 3 నాణేలు, దానికి బదులు పాయింటు తగ్గించే ఒక కర్స్ కార్డు. మొదటి చేతిలోనే అది 3 కాపర్లతో కలిసి పడితే 6 నాణేలు. అంటే ఎవరూ ఇంకా ఏమీ కొనకముందే గోల్డ్ కొనేయొచ్చు, నెత్తిన కర్స్ పెట్టుకుని. మా దగ్గర దీని మీద ప్రతిసారీ వాదనే, ఇప్పటికీ తేలలేదు.

మ్యాజిక్ ల్యాంప్ పైకి అంత ఊరించదు. ఆడితే ఒక్క నాణెం, కాపర్ లాగే. అయితే దాన్ని ఆడిన క్షణానికి మీ ముందు ఒక్కో కాపీ మాత్రమే ఉన్న కార్డులు ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే, ల్యాంప్ ట్రాష్ అయిపోయి, అంటే ఆటలోంచే పోయి, 3 విష్ కార్డులు చేతికొస్తాయి. సారీ, చేతికి కాదు, డిస్కార్డ్‌లోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి. ఆ తేడా ముఖ్యం, తర్వాత చెప్తాను. మామూలుగా ఈ ఆటలో మంచి కార్డు కనిపిస్తే అదే మూడో నాలుగో పోగేసుకుంటాం. ల్యాంప్ సరిగ్గా దానికి ఉల్టా అడుగుతుంది. రెండో మార్కెట్ కొన్నా, రెండో సిల్వర్ కొన్నా, అవి రెండూ కలిసి టేబుల్ మీదకు వస్తే ఆ రెండూ లెక్కలోంచి పోతాయి.

ల్యాంప్‌ను వెంటబెట్టుకొచ్చేది సీక్రెట్ కేవ్. ఒక కార్డు, ఒక యాక్షన్ ఇస్తుంది. ఇష్టమైతే 3 కార్డులు డిస్కార్డ్ చేయొచ్చు. చేస్తే తర్వాతి టర్న్ మొదట్లో 3 నాణేలు. అందరిలాగే నేనూ దీన్ని చేతిలో చెత్త పడినప్పుడు వాడే కార్డు అనుకుంటూ ఆడాను. అసలు కిటుకు ఒక ఆటలో బయటపడింది.

ఆట సగం దాటింది. ఎక్కువ పాయింట్లిచ్చే ప్రావిన్స్‌లు ఒక్కొక్కటీ ఎదుటివాళ్ల వైపు వెళ్తున్నాయి. నా చేతిలో కేవ్‌తో పాటు ఎస్టేట్లే ఎక్కువ. కేవ్ ఆడి 3 కార్డులు పారేశాను, ఆ టర్న్ దాదాపు పోయినట్టే. తర్వాతి చేతిలో మార్కెట్, గోల్డ్, సిల్వర్, కాపర్, ల్యాంప్. అన్నీ వేరువేరే, కానీ అయిదే. మార్కెట్ ఆడితే ఒక కార్డు వస్తుంది కదా అని ఆడాను. వచ్చింది రెండో కాపర్! ఇంక వదిలేద్దామనుకుంటుండగా కేవ్ మీద కన్ను పడింది. క్రితం టర్న్‌లో ఆడిన డ్యూరేషన్ కార్డు, పని పూర్తయ్యేదాకా టేబుల్ మీదే ఉంటుంది. ఉందంటే లెక్కలోకి వచ్చినట్టే. కేవ్, మార్కెట్, గోల్డ్, సిల్వర్, కాపర్, ఆరోది స్వయంగా ల్యాంపే. రెండో కాపర్‌ను చేతిలోనే దాచుకుని ల్యాంప్ దించాను. 3 విష్‌లు తీసుకున్నాక ఆ కాపర్‌నూ కింద పెట్టాను. ట్రెజర్లు (నాణేలిచ్చే కార్డులు) ఏ వరసలో ఆడాలో మన ఇష్టం, ఇందులో మోసమేమీ లేదు. కేవ్ ఇచ్చిన 3 కూడా కలిపి మొత్తం 12 నాణేలు, మార్కెట్ పుణ్యమా అని రెండు కొనుగోళ్లు. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మనిషి రూల్ బుక్ లాక్కుని చదవడం మొదలుపెట్టాడు.

విష్‌లు డిస్కార్డ్‌లో పడ్డాయి కాబట్టి షఫుల్ అయ్యేదాకా ఆగాలి. ఆ ఆగడంలో ఉన్న టెన్షన్ ఈ ఆటలో ఇంకెక్కడా చూడలేదు. విష్ ఆడితే యాక్షన్ తిరిగొస్తుంది, విష్ దాని కుప్పలోకి వెళ్లిపోతుంది, 6 నాణేల దాకా ఖరీదుచేసే ఏ కార్డైనా నేరుగా చేతిలోకి వస్తుంది. రెండు విష్‌లు ఒకేసారి వచ్చాయి, రెండింటికీ గోల్డ్ అడిగాను, ప్రావిన్స్‌కి సరిపోయింది. ప్రావిన్స్‌నే అడుగుదామంటే 8 నాణేలది, కుదరదు. మూడో విష్ ఆఖర్న వచ్చింది, దాంతో పాయింట్ల కోసం డచీ తీసుకున్నాను. ఆ ఆట గెలిచానా అంటే గెలిచాను, కొద్దిలో.

అప్పట్నుంచి ల్యాంప్ వచ్చినప్పుడల్లా అలాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. ఆరోజు మార్కెట్ ఉంది కాబట్టి సరిపోయింది. అదనంగా కార్డులు తెచ్చిపెట్టే యాక్షన్లు లేని కింగ్‌డమ్‌లో 5 కార్డుల చేతితో ఆరు దాటించడమంటే, ఒక్క ఎస్టేట్ అడ్డుపడినా అయిపోయినట్టే. మిలీషియా లాంటిది ఉంటే మరీ ఘోరం. ప్రతి టర్న్‌కీ చేతిలో 3 కార్డులే మిగుల్తాయి, ల్యాంప్ ఒట్టి కాపర్‌గానే ఆట ముగిసిపోతుంది. హెయిర్‌లూమ్‌లన్నీ ఇంత రుచిగా ఉండవు కూడా. పిక్సీతో వచ్చే గోట్ మొదట్లో నాకు తెగ నచ్చింది, ఆడిన ప్రతిసారీ చేతిలోంచి ఒక కార్డు ట్రాష్ చేయొచ్చు కదా అని. కొన్నాళ్లకు గమనించిందేమిటంటే, అది ఉన్న ఆటల్లో అందరి డెక్‌లూ ఒకే దారిలో సన్నబడుతున్నాయి.

ఇక హెక్స్‌లు. ఈ పెట్టెలో నాకు నచ్చనిది ఇదొక్కటే, అదీ మామూలుగా కాదు. 12 రకాల శాపాల్లోంచి పైనున్నది తిప్పాలి, ఎవరి రాత ఎలా ఉంటే అలా. గ్రీడ్ పడితే ఒక కాపర్ మన డెక్‌లో చేరడంతో సరిపోతుంది. వార్ పడితే 3 లేదా 4 నాణేల కార్డు దొరికేదాకా డెక్ తిప్పి దాన్ని ట్రాష్ చేయాలి. ల్యాంప్ కోసం ఒక్కటే ఒక్కటి దాచుకున్న సిల్వరో, కేవో దానికి బలి. పావర్టీ అయితే ఆ మిలీషియా పనే చేస్తుంది. ఇంత లెక్కగా కట్టిన ఆటలో ఇంత గుడ్డి జూదం ఎందుకు పెట్టారో నాకర్థం కాదు. పైగా మేలు చేసే బూన్‌లకొక కట్ట, హెక్స్‌లకొక కట్ట, కొన్నింటికి పక్కన ఇంకో కార్డు కూడా పెట్టుకోవాలి. ఆడేదానికంటే చదివేదే ఎక్కువవుతుంది.

మేం ఎక్కువగా ఇద్దరమే ఆడతాం, ఇద్దరికీ కార్డు మీది అక్షరం చదివి వాదించుకోవడం ఇష్టం. కాబట్టి నాకు ఈ పెట్టె గిట్టుబాటే. నలుగురు కూర్చున్నప్పుడు ల్యాంప్ లెక్క వేసుకునే మనిషి కోసం మిగతా ముగ్గురూ ఎదురుచూడాలి, అప్పుడు నాకే చిరాకేస్తుంది. డొమినియన్‌కి కొత్తవాళ్లయితే దీన్ని మొదటి ఎక్స్‌పాన్షన్‌గా తీసుకోమని చెప్పను. ఇప్పటికే ఒకటో రెండో పెట్టెలుండి, ఆరంభాలు బోర్ కొట్టినవాళ్లు చూడొచ్చు. మా పెట్టెలో హెక్స్‌లు తెచ్చే కార్డులన్నిటికీ రబ్బర్ బ్యాండ్ వేసి అడుగున పెట్టేశాను. ఎవరైనా పట్టుబట్టి అడిగితే తప్ప తీయను.