స్పైకులా, మెత్తని కాళ్లా? మీ నేల ఏదో ముందు చూడండి

పొడవాటి స్పీకర్లు కొంటే అట్టపెట్టెలో చిన్న కవరు ఒకటి వస్తుంది, అందులో ఎనిమిది స్పైకులు, అంటే స్పీకరు అడుగున బిగించే మొనదేలిన లోహపు కాళ్లు. ఇచ్చారు కదా అని బిగించేస్తాం. మన ఇళ్లలో చాలావాటికి అవి అక్కర్లేదు.

స్పైకు అదురుని ఆపదు. స్పీకరుని నేలకి గట్టిగా అతికిస్తుంది, అంతే. అదురుని కిందికి పోనిచ్చి పైకి రానివ్వదని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, గట్టి అతుకు ఏదైనా రెండు వైపులా ఒకేలా మోస్తుంది. స్పీకరు పెట్టె ఊగకుండా పట్టి ఉంచుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. అయితే ఎంత ఊగుతుందని? శబ్దం పుట్టించడానికి ముందుకీ వెనక్కీ కదిలే 20 గ్రాముల కోను 15 కిలోల పెట్టెలో ఒక మిల్లీమీటరు కదిలితే, పెట్టె వెనక్కి జరిగేది అందులో 750వ వంతు.

స్పైకు పుట్టిల్లు దళసరి కార్పెట్. బ్రిటన్‌లో మాదిరి చెక్క నేల మీద కార్పెట్ పరిచిన గదిలో స్పీకరు తూలుతుంది. మొన కార్పెట్‌ని చీల్చుకుని కింది చెక్కలో దిగితే నిలుస్తుంది. మన శ్లాబు మీద తూలే ఇబ్బందే లేదు. పైగా ఆ 15 కిలోలూ నాలుగు మొనల మీద నిలబడితే, ఒక్కో మొన కింద దాదాపు 4 కిలోలు చదరపు మిల్లీమీటరంత చోట పడతాయి. మార్బుల్ మీద గుంట, టైలు మీద గీత పడొచ్చు. స్పైకు కింద ఇత్తడి బిళ్ల పెట్టి నేలని కాపాడుకోవచ్చు. కానీ అప్పుడు ఆ స్పైకు దేనికి?

మెత్తని కాళ్లలో అసలు విషయం అవి బరువుకి ఎంత అణిగాయన్నది. రబ్బరైనా స్ప్రింగైనా ఒక మిల్లీమీటరు అణిగితే దాని సహజ కంపనం, అంటే తట్టి వదిలితే తనంతట తాను ఊగే వేగం, సుమారు 16 హెర్ట్జ్ (సెకనుకి 16 ఊపులు). అదురుని ఆపడం మొదలుపెట్టేది దానికి 1.4 రెట్ల పైన, అంటే 22 హెర్ట్జ్ దాటాకే. గట్టి రబ్బరు కాలు మిల్లీమీటరులో పదో వంతే అణిగిందనుకోండి, సహజ కంపనం 50 హెర్ట్జ్‌కి పోతుంది. రబ్బరుకి నిజానికి ఇంకాస్త పైనే. అంటే సరిగ్గా బేస్ గిటారు మోగే చోట అదురు తగ్గకపోగా పెరుగుతుంది! అందుకే సోర్బోథేన్ (రబ్బరులాంటి మెత్తని పదార్థం) బిళ్లలు కొనేటప్పుడు మీ స్పీకరు బరువుని, తయారీదారు ఇచ్చిన బరువు పట్టికతో సరిచూసుకోవాలి. బరువు ఎక్కువైతే అప్పడంలా చదునైపోయి ఇక ఏ పనీ చేయవు. పాలిష్ చెక్క మీద మరక కూడా వదులుతాయి.

హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో స్పీకర్లకి మామూలు రబ్బరు కాళ్లు చాలు. డబ్బు పెట్టాల్సింది సబ్‌ఊఫర్ (లోతైన బేస్ కోసం పెట్టే విడి స్పీకరు) కింద. దానికి స్పైకులు బిగిస్తే ఆ అదురు శ్లాబులోకి దిగి కింది ఫ్లోరుకి పోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చెక్క ఇంటి మేడ మీద ఉండేవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ, నేలే డప్పులా మోగుతుంది. అక్కడ అదురుని నేలకి చేరనివ్వని మంచి ఐసొలేషన్ కాళ్లు ఖర్చుకి తగ్గ పని చేస్తాయి. కాకపోతే సన్నటి పొడవాటి స్పీకర్లకి స్ప్రింగు కాళ్లు పెట్టి, ఇంట్లో పాకే పిల్లలుంటే కష్టం. తోస్తే పడతాయి.

రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ దగ్గర లెక్క మారుతుంది. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి), కార్ట్రిడ్జ్ (దాని కొసన సూది ఉండే భాగం) కలిసి సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. కింద పెట్టిన మెత్తని కాళ్లు కూడా అక్కడే ఊగేవైతే రెండూ జతకలుస్తాయి. 1961లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ తన టర్న్‌టేబుల్‌లో ప్లాటర్‌నీ (రికార్డు పెట్టే పళ్లెం) ఆర్మ్‌నీ కలిపి స్ప్రింగుల మీద వేలాడదీసింది. అలాంటి టర్న్‌టేబుల్‌ని చెక్క నేల మీద స్టాండులో ఉంచితే మనిషి నడిచినప్పుడల్లా సూది ఎగరొచ్చు. అక్కడ ఏ కాళ్లకన్నా గోడకి బిగించిన షెల్ఫ్ మేలు. శ్లాబు ఇంట్లో బరువైన టేబుల్ సరిపోతుంది.

ఆంప్లిఫయర్, డాక్ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పరికరం) కింద మాత్రం కంపెనీ ఇచ్చిన కాళ్లే ఉంచండి. వాటికి విడిగా కొన్నా మీ చెవికి తేడా తెలియదు.