అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పన్నెండు మంది

ఆదివారం పొద్దున్నే నల్లగొండలో బస్సెక్కి హైదరాబాద్ పోయింది మనవరాలి గైడ్ల కోసం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల నడుమ ఒకాయన రికార్డులు పరుచుకొని కూర్చున్నాడు. సినిమా పాటల అట్టల కింద, అట్టడుగున ఉన్నదిది. ఫిలిప్స్ కంపెనీ ఎల్పీ, ఇటలీ సంగీతకర్త వివాల్డి నాలుగు రుతువుల మీద వయొలిన్‌కు కట్టిన నాలుగు రచనలు ‘ఫోర్ సీజన్స్’, వాయించింది ఇ ముజిచి అనే మేళం, మొదటి వయొలిన్ ఫెలిక్స్ అయో. నాలుగొందలన్నాడు. అట్ట అంచు చినిగింది, లోపలి కాగితం కవరు లేదు అని చూపిస్తే రెండొందల యాభైకి దిగాడు. “ఒక్క గీత లేదు సార్, కొత్తదే” అన్నాడు. గీత ఉంది. ఆ సంగతి తర్వాత.

నేను లెక్కల సారుగా రిటైరయ్యాను గానీ, ఇరవై ఏండ్లు సాయంత్రాలు వయొలిన్ వాయించాను. హరికథల పక్కన, భజనల్లో, వినాయక చవితికి ఆర్కెస్ట్రాలో. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే తెలిసిందే కదా: రెండు కీబోర్డులు, ప్యాడ్, తబలా, ఇద్దరు గాయకులు, స్టేజీకి అటూ ఇటూ మనిషెత్తు బాక్సులు. ఇంటికొచ్చి “ఆర్కెస్ట్రా రికార్డు తెచ్చిన” అంటే మా ఆవిడ “ఎవరు పాడిన్రు?” అనడిగింది. ఎవరూ పాడలేదంటే, ఇక దానికి రెండొందల యాభై ఎందుకన్నట్టు చూసింది.

ఇది ఛాంబర్ ఆర్కెస్ట్రా. పెద్ద హాలు అక్కర్లేదు, ఓ మోస్తరు గదిలో పట్టే మేళం. ఆరు వయొలిన్లు, వాటికంటే ఒకదాన్ని మించి ఒకటి పెద్దవైన కమాను వాద్యాలు రెండు వయోలాలు, రెండు చెల్లోలు, ఒక డబుల్ బాస్, ఇంకా ఒక హార్ప్సికార్డ్. లెక్క పన్నెండు. హార్ప్సికార్డ్ చూడటానికి పియానోకు చెల్లెలిలా ఉంటుంది గానీ, లోపల సుత్తి తీగెను కొట్టదు, చిన్న ములుకు మీటుతుంది. వెనకాల సన్నగా గలగలమంటుంటే మా ఆవిడ గజ్జెలనుకుంది. ఆ పోలిక తప్పేం కాదు.

ఈ పన్నెండు మందికి కండక్టర్, అంటే ఎదురుగా నిలబడి చేతులూపుతూ మేళాన్ని నడిపేవాడు, లేడు. నేను రికార్డు కొన్నది ఆ ఒక్క మాట తెలిసే. 1951లో రోములో, శాంటా చెచీలియా సంగీత అకాడమీలో చదువుకున్న కుర్రవాళ్లు కలిసి పెట్టుకున్న మేళం ఇది. పేరు కోసం కూడా పెద్దగా వెతకలేదు. ఇ ముజిచి అంటే ‘సంగీతకారులు’, అంతే. 1952 మార్చిలో అదే అకాడమీలో మొదటి కచేరీ. పుల్ల పట్టుకొని ఎదురుగా నిలబడేవాడు ఉండకూడదని మొదట్లోనే అనుకున్నారు. తమాషా ఏమిటంటే, వాళ్లను విని తొలిరోజుల్లోనే మెచ్చుకున్నవాడు టోస్కనీని. ఆ కాలపు కండక్టర్లలో ఆయనను మించిన పేరు, ఆయనను మించిన కోపం మరొకరికి లేవు.

మరి అందరూ ఒక్కసారి ఎట్లా ఎత్తుకుంటారు? మా ఆర్కెస్ట్రాలో అయితే ప్యాడ్ వాయించే పిల్లగాడు “వన్, టూ, త్రీ, ఫోర్” అని అరిచేవాడు, మైకులో ఊరంతా వినపడేది. ఈ రికార్డులో దానికి జవాబు దొరికింది. ‘వింటర్’ మొదట్లో ఒక్కొక్క వాద్యం చలికి వణుకుతున్నట్టు వచ్చి చేరుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటే, అక్కడ ఎవరూ ఎవరినీ నెట్టరు, ఎవరూ ఆగిపోరు. పెళ్లిలో మన సన్నాయి మేళాన్ని దగ్గర కూర్చొని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. డోలు మామ తాళం లెక్కపెట్టడు, సన్నాయి ఆయన బుగ్గలు చూస్తాడు. బుగ్గ నిండగానే దెబ్బ పడుతుంది. రోములో బుగ్గకు బదులు మొదటి వయొలిన్ కమాను.

ఈ రికార్డింగు 1959 నాటిది, స్టీరియో. 1955లో ఇదే అయోతో ఒకసారి మోనోలో చేశారు, ఇది రెండోది. అయో స్పెయిన్‌లో పుట్టినవాడు, అప్పటికి పాతికేండ్లు. వివాల్డి ఈ నాలుగింటినీ 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించాడు. 1741లో ఆయన పోయాక రెండొందల ఏండ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇప్పుడు ఫోన్ రింగుటోన్ల దాకా వచ్చాయంటే అందులో ఈ పన్నెండు మంది వాటా పెద్దదే.

ఒక్కో రుతువుకు ఒక పద్యం కూడా ఉంది. ‘సమ్మర్’ పద్యం చదివితే, రాసినవాడు మా రోహిణి కార్తె చూసివుంటాడా అనిపిస్తుంది. ఎండకు మనిషి, మంద సొమ్మసిల్లుతారు. కోయిల కూస్తుంది, ఈగలు ముసురుతాయి, గాలి తిరుగుతుంది, చివరికి రాళ్లవాన పడి కంకులు విరుగుతాయి. ఎండ భాగం అద్భుతం. కమాను తీగె మీద కదలనా వద్దా అన్నట్టు కదులుతుంది. మధ్యాహ్నం రెండింటికి నల్లగొండ రామగిరిలోని మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు నా పరిస్థితి అదే.

రాళ్లవాన దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. మా బామ్మర్దికి బత్తాయి తోట ఉంది. ఒక ఏడు కాయ చేతికొచ్చే వేళకు రాళ్లు పడితే పొద్దున్నే పోయి చూశాం. చెట్టు కింద అడుగు పెట్టడానికి జాగా లేదు, అన్నీ కాయలే. అది చూసినవాడికి ఈ 1959 వాన చాలదు. స్వరం శుభ్రంగా ఉంటుంది, ఎవరూ తడవరు. ఈమధ్య పాతకాలపు వాద్యాలతో వాయించే మేళాలు ఇదే భాగాన్ని దీనికంటే వేగంగా, గరుకుగా వాయిస్తున్నాయి. వానకు వాళ్లు, ఎండకు వీళ్లు.

ఇక గీత. రెండో వైపు ‘ఆటమ్’లో పంట చేతికొచ్చిన రైతులు తాగి తూలే చోటు ఉంటుంది, వయొలిన్ కూడా తూలుతుంది. సరిగ్గా అక్కడే సూది ఇరుక్కుంటుంది. తాగుబోతు ముందుకు పోడు, అదే అడుగు మళ్లీ మళ్లీ వేస్తాడు. మూడో తూలుకు నేను లేచి సూదిని కొంచెం జరపాలి. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి మెత్తటి బట్టతో తుడిస్తే చిటపటలు సగం తగ్గాయి. గీత మాత్రం గీతే. అట్ట, డిస్కు కలిపి అయిదుకు మూడు వేస్తాను. వాయింపుకు నాలుగున్నర, ఆ అర మార్కు రాళ్లవానకు కోసింది.

కొనాలనుకునేవాళ్లు అట్ట మీద మొదటి వయొలిన్ పేరు చూసి కొనండి. ఇదే మేళం ఇవే నాలుగింటిని మళ్లీ మళ్లీ రికార్డు చేసింది. 1969లో మికెలూచి, 1982లో పీనా కార్మిరెల్లి అనే ఆవిడ. మేళం ఒకటే అయినా కమాను మారితే నడక మారుతుంది. ప్లేయర్ లేనివాళ్లు ఫోన్లో అయో పేరుతో వెతికినా దొరుకుతుంది, అందులో గీత ఉండదు.

మికెలూచిది తన దగ్గర ఇంకోటి ఉందని ఫుట్‌పాత్ ఆయన అన్నాడు. “గీత లేదు కదా?” అంటే “కొత్తదే సార్” అన్నాడు. ఈసారి భూతద్దం తీసుకొని పోతాను.